పత్తికొండ కంట్రోల్ గ్రూప్

కృపమణి మరణించిన తీరును మర్యాదస్థులు చదివే పుస్తకంలో వర్ణించడం కష్టం. కర్నూలు బస్టాండు వెనుక ఉన్న ఒక లాడ్జిలో, బాత్‌రూము గచ్చు మీద ఆమె శవం దొరికింది. ఒంట్లోని నీరంతా బయటికి పోయి, ముప్పై ఏళ్ళ మనిషి డెబ్బై ఏళ్ళ ముసలిదానిలా ముడుచుకుపోయింది. ఎక్కడా కత్తి గాటు లేదు, తుపాకీ గుండు లేదు. ముందురోజు మధ్యాహ్నం ఎవరో మర్యాదగా ఇచ్చిన చల్లటి కాఫీని ఆమె తాగింది. అంతే.

"కలరా," అన్నాడు రాఘవేంద్రప్రసాద్. "వందమందికి సరిపడే మోతాదు ఒక్క కప్పులో."

ఆయన కేంద్ర గూఢచారి సంస్థ దక్షిణ విభాగానికి అధిపతి. కడపలోని ఒక పాత బంగళాలో, కిటికీలకు తడి వట్టివేళ్ళ తడికలు కట్టిన గదిలో కూర్చుని ఉన్నాడు. ఎదుటి కుర్చీలో ఏజెంట్ జయరాజ్. అది 2007 ఏప్రిల్ నెల. గోడల్లోంచి కూడా వేడి కారుతోంది.

"ఆమె ఎవరు సార్?"

"ఆర్‌బెల్ ఫౌండేషన్ ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టు. చనిపోయే ముందు మన నంబరుకు ఫోన్ చేసింది. విను."

ఆయన టేప్‌రికార్డర్ మీట నొక్కాడు. నీరసించిన ఆడగొంతు వినిపించింది. "సార్, కంట్రోల్ గ్రూపులో జనం ఆరోగ్యంగా ఉండారని వీళ్ళు శానా బాధపడతాండారు. ల్యాబులో పెంచిన క్రిముల సీసా ఒకటి కనపడల్యా. పత్తికొండకు..."

టేపు అక్కడితో ఆగిపోయింది.

"అర్థమైందా?" అని అడిగాడు రాఘవేంద్రప్రసాద్. "ఆర్‌బెల్ ఒక విదేశీ సంస్థ. అంటువ్యాధుల పరిశోధన, యూజర్ సెంటర్డ్ డిజైన్, అంటే వాడుకునేవాళ్ళను అడిగి వస్తువు తయారుచేయడం, అని రెండు గొప్ప బోర్డులు తగిలించుకుంది. టాప్ ఉన్న కొత్త నీళ్ళ క్యాను ఒకటి తయారుచేసి నందికొట్కూరులో ఇంటింటికీ ఉచితంగా పంచింది. పత్తికొండలో పంచలేదు. అక్కడ మామూలు కుండలే. పత్తికొండే కంట్రోల్ గ్రూప్. రెండేళ్ళ తరువాత రెండు ఊళ్ళ రోగాలనూ పోల్చి, మా క్యాను ప్రాణాలు కాపాడిందని ప్రపంచానికి చూపించాలి. నలభై దేశాల ఆర్డర్లు ఆ గ్రాఫ్ మీద ఆధారపడి ఉన్నాయి."

"గ్రాఫ్ రాలేదా?"

"రాలేదు. పత్తికొండ వాళ్ళు కుండ నీళ్ళు తాగి దిట్టంగా ఉన్నారు. ఇప్పుడు క్యాను గొప్పదని నిరూపించాలంటే క్యాను లేనివాళ్ళు చావాలి."

జయరాజ్ పదహారేళ్ళ సర్వీసులో బాంబులు పెట్టినవాళ్ళనూ, దేశరహస్యాలు అమ్మినవాళ్ళనూ చూశాడు. వాళ్ళకు కనీసం ఒక ద్వేషమో, ఒక దురాశో ఉండేది. ఒక గీత పైకి లేవడం కోసం ఊరిని చంపేవాళ్ళను చూడటం ఇదే మొదలు.

"నాయకుడు డాక్టర్ ఫాల్కెన్. సీసా అతని దగ్గరే ఉండాలి, కానీ రుజువు లేదు. ఊరికే పట్టుకుంటే రాయబార కార్యాలయం సాయంత్రానికల్లా విడిపిస్తుంది. అతని పక్కన మన మనిషి ఉంది. పద్మప్రియ. నాలుగేళ్ళుగా అతని డిజైన్ టీమ్‌లో ఉంది."

"నమ్మవచ్చా?"

"అందంగా ఉంటుంది, తెలివిగా మాట్లాడుతుంది. కనుక నాకు అనుమానమే."

*

రెండు వారాలుగా పత్తికొండ టమాటా మార్కెట్‌లో సుంకన్న అనే కొత్త దళారి తిరుగుతున్నాడు. మాసిన పంచె, భుజాన తువ్వాలు, నోట్లో వక్కాకు. నడుముకున్న బీడీల కట్టలో ట్రాన్స్‌మిటర్. చెవి వెనుక బీడీ ముక్కలా కనిపించేది కలరా టెస్ట్ స్ట్రిప్. అది నీళ్ళలో ముంచితే ఫలితం చెబుతుంది, కానీ పావుగంట పడుతుంది.

ధర పడిపోయి రైతులు పారబోసిన టమాటాలు కాళ్ళకింద కుళ్ళి బురదగా మారాయి. ఈగలు ముసిరి ఆ బురద నల్లగా కదులుతున్నట్టుంది. అయినా జయరాజ్‌కు ఆ కంపు అంతగా అసహ్యం కలిగించలేదు. ప్రతి ఉదయం తెల్లటి జీపులో వచ్చి, ముక్కుకు మాస్కు కట్టుకుని, జనం నీళ్ళు తాగుతుంటే వీడియో తీసే డాక్టర్ ఫాల్కెన్ అంతకంటే ఎక్కువ అసహ్యం కలిగించాడు. "యూజర్ చెయ్యి ఎక్కడ తగులుతోందో చూడండి," అని శిష్యులకు చెప్పేవాడు. ఆ యూజర్‌కు ఒక పేరు ఉంటుందన్న సంగతి అతని పరిశోధనలో లేదు. తాగడానికి తన మినరల్ వాటర్ సీసాను తన వెంటే తెచ్చుకునేవాడు.

ఆ రోజు తెల్లవారాక గంపలు మోసే గిడ్డమ్మ జయరాజ్‌ను పలకరించింది.

"ఏమప్పా సుంకన్నా, ఈ పొద్దు గూడ బేరం చేయకుండా దిక్కులు చూస్తాండావు? నీ అసుమంటి దళారి నా జన్మలో చూడల్యా."

"కాయ బాగల్యాక్కా."

"కాయకేం రోగం? నీ కండ్లకే రోగం. పాపం, పెండ్లాము వదిలేసినట్టుండాది," అని నవ్వుతూ గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

అప్పుడే పక్కనుంచి నీలం రంగు పట్టుచీర ఒకటి సాగిపోయింది. నల్లకళ్ళద్దాలు, పల్చటి అత్తరు వాసన. పద్మప్రియ బేరం అడుగుతున్నట్టు ఒక టమాటా తీసింది.

"కాయ గట్టిగుందా?" అంది. అది కోడ్.

"ఎండకు మెత్తబడింది," అన్నాడు జయరాజ్. అది జవాబు.

"ఓవర్‌హెడ్ ట్యాంక్," అని ఆమె పెదవులు కదలకుండా చెప్పింది. "ఇప్పుడే. అతని మనిషి ఎక్కుతాడు." టమాటా గంపలో పడేసి వెళ్ళిపోయింది.

*

ఊరి చివర ట్యాంకు నిచ్చెన ఎండకు కాలుతోంది. జయరాజ్ పైకెక్కి మూత లేపాడు. లోపలినుంచి వచ్చిన గాలికి తల పక్కకు తిప్పుకున్నాడు. అడుగున పావురాల రెట్ట, ఎండి పగిలిన పాచి, చచ్చి పుచ్చిన ఒక పెద్ద ఎలుక. నీటి చుక్క లేదు. బోరు ఎండి ఆ ట్యాంకు ఎన్నాళ్ళుగా అలా పడి ఉందో ఎవరికీ పట్టినట్టు లేదు. ఊరికి నీళ్ళు ట్యాంకర్లలో వస్తున్నాయి.

అతను నిచ్చెన మీదే నిలబడిపోయాడు. వేరే ఎవరైనా పొరబడి ఉండవచ్చు. పద్మప్రియ పొరబడే అవకాశం లేదు. యూజర్ స్టడీ కోసం ఈ ఊళ్ళో ప్రతి గడపా ఎక్కి, నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయని నెలల తరబడి అడిగిన మనిషి ఆమె. ఎండిన ట్యాంకు దగ్గరికి తనను కావాలనే పంపింది.

మరి ఊరంతా ఒకేచోట తాగే నీళ్ళు ఏవి?

పైనుంచి మార్కెట్ వాకిలి స్పష్టంగా కనిపిస్తోంది. కొత్త తాటాకుల పందిరి, మామిడాకుల తోరణం, ఎర్ర రిబ్బను. తిరుమలయ్య శెట్టి చలివేంద్రం. కిరాణా కొట్టు తిరుమలయ్య ఇంట్లో మూడు తరాలుగా వేసవి ఎండలు ముదిరాక పెట్టే చలివేంద్రం. ఈ రోజే ప్రారంభం. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు, హమాలీలు, కూలీలు, అందరూ తాగేది అక్కడే.

జయరాజ్ మెట్లు వదిలి, నిచ్చెన కమ్ములు పట్టుకుని జారాడు. అరచేతుల తోలు ఊడింది. బీడీల కట్టలో రెండే మాటలు చెప్పాడు. "చలివేంద్రం. రండి."

*

అతను చేరేసరికి రిబ్బను కోయడం అయిపోయింది. కోసినవాడు ముఖ్య అతిథి డాక్టర్ ఫాల్కెన్. ఒక విదేశీ డాక్టరు తన పందిరికి వచ్చాడని తిరుమలయ్య ముసలి ముఖం వెలిగిపోతోంది. పద్మప్రియ ఒక వెండి పన్నీరుబుడ్డి పట్టుకుని, ఒక్కొక్క కుండ మూతా తీసి, సువాసన కోసమని నాలుగు చుక్కలు చల్లుతోంది. ఆఖరి కుండ కూడా అయిపోయింది. జనం తోసుకొస్తున్నారు. ముందు వరసలో గిడ్డమ్మ చెయ్యి చాచి ఉంది.

"ఆగండప్పా, ఆగండి," అన్నాడు తిరుమలయ్య. "మా నాయన కాలం నుంచీ ఒక కట్టుబాటు ఉండాది. పందిలి తెరిచినోళ్ళు మొదటి చెంబు తాగల్ల. ఆ పైననే జనానికి." ఒక చెంబు ముంచి ఫాల్కెన్ వైపు చాచాడు.

పద్మప్రియ నవ్వుతూ అడ్డు వచ్చింది. "డాక్టరు గారికి కడుపు బాగా లేదండీ. మీరు పెద్దవారు, ఆయన పేరుమీద మీరే తాగండి."

"అట్లనే లేమ్మా," అని ముసలాయన చెంబు పైకెత్తాడు.

జయరాజ్‌కు ఒక్క క్షణమే ఉంది. చెంబును తన్నితే ఆ ముసలాయన బతుకుతాడు. కానీ నీళ్ళలో ఏముందో చెప్పడానికి పావుగంట కావాలి. పవిత్రమైన మొదటి చెంబును తన్నిన దళారిని జనం ఈలోపు చితకబాదుతారు, దాహంతో ఉన్నవాళ్ళు మిగిలిన కుండల మీద పడతారు, పన్నీరుబుడ్డి జీపెక్కి వెళ్ళిపోతుంది.

"శెట్టీ," అని గట్టిగా పిలిచాడు. "రిబ్బను కోసింది ఒకరు, తాగేది ఇంగొకరా? ఇదేం కట్టుబాటు సామీ? మీ నాయన ఎప్పుడన్నా ఇట్ల చేసినాడా?"

చెంబు పెదవుల దగ్గర ఆగింది. తిరుమలయ్య ముఖంలో వెలుగు తగ్గింది. "చేయల్యా," అన్నాడు నిదానంగా.

"దొరకు మా కుండ పనికిరాదేమో," అంది గిడ్డమ్మ. "మేము తాగేటప్పుడు ఫోటోలు తీసేకి మాత్రం పనికొస్తాము."

గుంపులో నవ్వు లేచింది. ఎవరో అరిచారు. "తాగమను శెట్టీ. ఒక గుక్క తాగితే ఏమైతాది?"

తిరుమలయ్య రెండు చేతులతో చెంబును ఫాల్కెన్ చేతిలో పెట్టాడు. వీడియో కెమెరా అతని వైపే తిరిగి ఉంది. ఫాల్కెన్ చెంబు అందుకున్నాడు. పెదవుల దాకా తెచ్చాడు. అక్కడ చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. నీళ్ళు తొణికి మణికట్టు మీద పడ్డాయి.

ఆ పెద్దమనిషి చెంబు విసిరేశాడు. జేబులోంచి స్పిరిట్ సీసా తీసి మణికట్టు మీద ఒంపుకున్నాడు. రుమాలుతో తోలు ఊడేలా రుద్దాడు, మళ్ళీ ఒంపాడు, మళ్ళీ రుద్దాడు. అతని నోటినుంచి కుక్కపిల్ల మూలుగులాంటి శబ్దం వస్తోంది. రెండువందలమంది చూశారు. నందికొట్కూరులో చేతులు కడుక్కోవడం మీద ఉపన్యాసాలిచ్చిన నిపుణుడు ఇంత శ్రద్ధగా చేతులు కడుక్కోవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

గిడ్డమ్మ చాచిన చేతిని వెనక్కి తీసుకుని చీర కొంగుతో తుడుచుకుంది. "నీళ్ళలో ఏందో ఉండాది," అంది మెల్లగా.

జనం అడుగు వెనక్కి వేశారు. తిరుమలయ్య ఉన్నచోటే కుప్పకూలినట్టు కూర్చున్నాడు.

పద్మప్రియ మాత్రం కదలలేదు. "మంచి పని చేశావు జయరాజ్," అంది హుందాగా. "ట్యాంకు సంగతి అతను నాకు కావాలనే తప్పు చెప్పాడు. నేను కూడా మోసపోయాను."

జయరాజ్ మరో చెంబు ముంచి ఆమె ముందు పెట్టాడు. "పన్నీరు చల్లింది నువ్వే. అది పన్నీరేనని నమ్మి చల్లావుగా. అయితే ఒక గుక్క తాగు. ఇద్దరి మనసూ కుదుటపడుతుంది."

ఆమె చెంబు వైపు చూసింది. తరువాత నల్లకళ్ళద్దాలు తీసి, మడిచి, రవికెకు తగిలించుకుంది.

"నాకు దాహంగా లేదు," అంది.

నాలుగేళ్ళుగా దక్షిణ విభాగం తేల్చుకోలేని ప్రశ్న అలా తేలిపోయింది. మఫ్టీలో వచ్చిన పోలీసులు ఇద్దరినీ పట్టుకుని, పన్నీరుబుడ్డిని రెండు సంచుల్లో మూటగట్టారు. పావుగంట తరువాత టెస్ట్ స్ట్రిప్ మీద ఎర్రటి గీత తేలింది. కుండలన్నీ గుంత తవ్వి, బ్లీచింగ్ పౌడరుతో సహా పూడ్చారు. సాయంత్రానికి తిరుమలయ్య కొత్త కుండలు తెప్పించి, ట్యాంకరు నీళ్ళు నింపించి, ఈసారి ఎవరినీ పిలవకుండా తానే పందిరి తెరిచి, మొదటి చెంబు తానే తాగాడు. రెండో చెంబు గిడ్డమ్మది.

*

నెల తరువాత రాఘవేంద్రప్రసాద్ జయరాజ్‌కు ఫోన్ చేశాడు.

"నీ డాక్టర్ కడప జైల్లో గొడవ పెడుతున్నాడు. మూడు పేజీల ఫిర్యాదు రాశాడు."

"కొట్టారనా సార్?"

"కాదు. సెల్‌లోని నీళ్ళ కుండ పెట్టేముందు వాడుకునేవాడి అభిప్రాయం ఎవరూ అడగలేదట."