పదమూడో గొంతు

కుకునూరుపల్లి శివారులో మూతపడ్డ పత్తి మిల్లుకు మంచి పేరు లేదు. అందులో గుమస్తాగా చేసిన నాగయ్య చచ్చిపోయి ముప్పై ఏళ్లయినా, తెల్లవారుజామున కూలీల హాజరు పిలుస్తూనే ఉంటాడని చెప్పుకునేవారు. పిలిచినప్పుడు పలికామా... ఇక పనికి పోవాల్సిందే. ఎక్కడి పనికో ఎవరూ చెప్పలేదు. చెప్పేంత దగ్గరికి ఎవరూ పోలేదు.

కొండవ్వ రోజూ ఆ మిల్లు ముందు నుంచే పాలు మోసుకుపోయేది. మిల్లు దాటితే దారి రెండుగా చీలుతుంది — కుడిది పాల కేంద్రానికి, ఎడమది కాలువకు. డెబ్బై దాటాక ఆ చీలిక దగ్గరే ఆమెకు చిక్కొచ్చింది. పోయిన వారం ఎడమకు పోయి, పొద్దెక్కిందాకా కాలువ కట్ట మీద పాల క్యానుతో కూర్చుంది.

"ఇంకొక్కసారి తప్పిపోయినవంటే బర్లను అమ్ముతం అత్తమ్మా," అంది కోడలు వినీత. "నిన్ను యాడని దేవులాడాలె?"

కొండవ్వ లేచి కొట్టంలోకి పోయింది. ఉన్నవి రెండు బర్లు. మనుమల పేర్లు తడబడ్డా వాటి పేర్లు ఆమెకు ఒక్కనాడూ తడబడలేదు.

ఆ రోజు కరెంటు లేదు. ఎన్ని గంటలయిందో తెలియక, ఆలస్యమైందనుకుని పాలు పిండి, క్యాను నెత్తికెత్తుకుని బయలుదేరింది. నిజానికి అప్పటికి నాలుగే అయింది. దారిలో కుక్క కూడా లేదు.

మిల్లు దగ్గరికి వచ్చేసరికి... గొంతు వినిపించింది.

ఒక్కటే గొంతు. రెండు మాటలంది. ఆగింది. ఆ రెండింటినే తిరగేసి అంది. మళ్లీ మొదటి నుంచి అంది. తర్వాత మూడు మాటలు... ఆ మూడూ తిరగేసి...

వెంటనే లోపలి నుంచి చాలా గొంతులు అదే అన్నాయి.

కొండవ్వ కాళ్లు ఆగిపోయాయి. బతికున్నవాళ్లెవరూ మాటలను అట్లా తిప్పి తిప్పి పలకరు. నాగయ్య కూలీలను పోగుచేసుకున్నాడన్నమాట. హాజరు నడుస్తోంది.

పారిపోదామంటే ఎటు? కుడికా... ఎడమకా... అదీ మనసులోంచి జారిపోయింది.

గేటు కిర్రుమంది. తెల్లటి పంచె. చేతిలో వెలుగుతున్న కందిలి.

"నా పేరు పిలువకు నాగన్నా," అని గుసగుసగా బతిమాలింది. "రెండు బర్లున్నయి. పాలు పిండెటోళ్లు లేరు."

కందిలి ఆమె మొహం దాకా లేచింది.

"నాగన్న ఎవరమ్మా? నేను రామేశ్వర్ శర్మను. లోపల పిల్లలు వేదం వల్లె వేస్తున్నారు. మూతపడ్డ ఈ మిల్లులోనే మా పాఠశాల పెట్టుకున్నాం. మొన్న గృహప్రవేశం నాడు మీరొచ్చి భోజనం చేశారు కదా? పులిహోర రెండోసారి అడిగి వేయించుకున్నారు."

దెయ్యం అనుకున్నప్పుడు కూడా కొండవ్వ అంత వణకలేదు. క్యానులో పాలు కదిలిన చప్పుడైంది.

పులిహోర... ఏ పులిహోర?

"మా కోడలికి చెప్పకుండ్రి అయ్యా," అంది చివరికి. "దెయ్యాన్ని చూసి జడుసుకున్నదని చెప్పుండ్రి. గదే నయం."

"వేదం చెప్పేవాణ్ని, అబద్ధం ఎట్లా చెప్పనమ్మా?" అని ఆయన ఆమెను లోపల స్టూలు మీద కూర్చోబెట్టాడు. "ఈ పదకొండు మంది పుస్తకం ముట్టకుండా ఇంత చదువు మోస్తున్నారు. ఎట్లా అనుకున్నారు? పోయిన దారినే వెనక్కి వస్తారు, మళ్లీ పోతారు. అంతే. మీ ఇంటి నుంచి ఇక్కడికి ఏమేమి తగులుతాయో చెప్పండి."

"ఇల్లు. బోరింగు. ట్రాన్స్‌ఫార్మరు. కల్లు దుకాణం. మిల్లు."

"ఇల్లు బోరింగు, బోరింగు ఇల్లు, ఇల్లు బోరింగు ట్రాన్స్‌ఫార్మరు, ట్రాన్స్‌ఫార్మరు బోరింగు ఇల్లు... అనండి."

అంది. తెల్లారేదాకా అంది. పిల్లలకు పాలు కావాలి కాబట్టి క్యాను అక్కడే ఖాళీ అయింది. రేపటి నుంచి రోజూ అక్కడే పొయ్యమన్నాడు శర్మ. చీలిక దాకా పోయే పనే తప్పింది. ఆమె వేళకు ఇల్లు చేరింది. వినీత ఖాళీ క్యానును కడగడానికి తీసుకుపోయింది.

ఆ తర్వాత పాఠశాలవాళ్లు గోడ బయట ఊరి కోసం నల్లా పెట్టించారు. గేటు మీద రాత్రంతా లైటు వెలుగుతుంది. సిద్దిపేట నుంచి ఆఖరి బస్సులో దిగే ఆడపిల్లలు ఇప్పుడు ఆ దారినే ఇళ్లకు పోతున్నారు. నాగయ్య పేరెత్తేవాళ్లు తగ్గిపోయారు. బర్లు కొట్టంలోనే ఉన్నాయి.

కొత్త భయం మాత్రం గోడ లోపల పుట్టింది.

బెజ్జంకి నుంచి కొత్తగా వచ్చి చేరిన ప్రణీత్ ఒకనాడు గురువుగారి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"గురువుగారూ... మేం పన్నెండు మందిమే కదా. నాలుగింటికి పదమూడో గొంతు వినిపిస్తుంది. గోడ అవతల. చీకట్లో. కల్లు దుకాణం... కల్లు దుకాణం అంటుంది."

శర్మ తల తిప్పి గోడ వైపు చూశాడు.

"ముందుకు అంటోందా, వెనక్కా?"

"రెండు దిక్కులా, గురువుగారూ."

"ఎక్కడన్నా తప్పు పోయిందా?"

ప్రణీత్ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"ఒక్కటీ పోలేదు."

"అయితే నీకంటే నయమే," అన్నాడు శర్మ. "పోయి కూర్చో. నిన్నటి పాఠం అప్పచెప్పు."