కప్పలో పెట్టాను

రహస్యాలు చేరవేసే కొరియర్ ఒక హోటల్ గదిలో శవమై దొరికాడు. తలుపు పగల్లేదు, కిటికీ పగల్లేదు. గోడలోని సేఫ్ మాత్రం బార్లా తెరిచి ఉంది.

"ఏసీ మెకానిక్‌నంటే తలుపు తీశాడట," అన్నాడు పెద్దాయన. గూఢచారి డిపార్ట్‌మెంటు చీఫ్‌ని అందరూ పిలిచే పేరు అదే. "మన అదృష్టం, వాడి దగ్గరున్నది ఖాళీ చిప్. అసలుది ఇదిగో."

బల్ల మీద గోరంత చిప్. విదేశీ ముఠాలో మారుపేరుతో పనిచేస్తున్న మనవాడి వాయిస్ రికార్డింగ్ అందులో ఉంది. ఆ గొంతు ఒక్కసారి వింటే ముఠా అతన్ని గుర్తుపట్టేస్తుంది. ఆ తర్వాత శవం కూడా దొరకదు.

చిప్ అందుకున్న ఏజెంటు దాన్ని చొక్కా లోపలి జేబులో భద్రపరిచాడు. ఆ గొంతు అతని సొంత తమ్ముడిది. ఆ సంగతి అన్నదమ్ములకీ పెద్దాయనకీ తప్ప ఇంకో మనిషికి తెలియదు.

"రేపు మధ్యాహ్నం నువ్వు దిగే హోటల్‌కి నేనే వస్తాను. అందాకా నీదే పూచీ. సాయానికి మన విదేశీ శాఖ సింగారిని పంపుతున్నాను."

"మనలోనే ఎవరో ఉప్పందిస్తున్నారు సార్."

"నీకు అందరి మీదా అనుమానమేనయ్యా!"

నిజమే. డిపార్ట్‌మెంటులో అతన్ని 'అనుమానం' అనే పిలుస్తారు. మరి పెనుభూతం ఎవరన్నది అతని భార్య వినేలా ఎవరూ అనరు.

హోటల్లో రిసెప్షనిస్టు గది నంబరు పైకి చదవబోతే ఆపి, కాగితం మీద రాయించుకున్నాడు. కింది అంతస్తు ఇస్తే వద్దన్నాడు. గదిలోకి వెళ్ళగానే మంచం కింద, పరదాల వెనక, పక్కగదికి దారితీసే తలుపు గడియ అన్నీ చూసుకున్నాడు. జేబులోంచి పెన్ను తీసి గదంతా తిప్పాడు. దొంగ మైకు దగ్గరుంటే ఆ పెన్నుకి ఎర్రదీపం వెలుగుతుంది, మీట నొక్కేదాకా ఆరదు. దీపం వెలగలేదు.

సేఫ్ వంక మాత్రం కన్నెత్తి చూడలేదు. దానికి ఇంకో కోడ్ హోటల్‌వాళ్ళ దగ్గరా ఉంటుంది. అందులో దాచడమంటే దొంగచేతికి తాళాలివ్వడమే.

సూట్‌కేసు తెరిస్తే బట్టల మధ్య పచ్చ రబ్బరు కప్ప. నొక్కితే బెక్‌మంటుంది. నాన్నకి తోడుంటుందని కూతురు పెట్టింది. నవ్వుకుని, చిప్ దాచేసి, పెట్టెకు తాళం వేసి, గొలుసుతో అల్మరా కడ్డీకి బిగించాడు.

మర్నాడు పొద్దున తలుపు చప్పుడైంది. "ఏసీ సర్వీస్ సార్!"

అనుమానం తలుపు తియ్యలేదు. రిసెప్షన్‌కి ఫోన్ చేశాడు. "మేమెవర్నీ పంపలేదండీ," అన్నారు. ఈలోగా బయట అడుగుల చప్పుడు దూరమైపోయింది.

కాసేపటికి సింగారి వచ్చింది. నల్ల సిల్కు గౌను, నల్ల కళ్ళద్దాలు, గుప్పుమనే అత్తరు.

"వాన వచ్చేలా ఉందా?" అడిగాడు తలుపు సందులోంచి.

"గొడుగు అమ్మేశాను."

పాస్‌వర్డ్ సరిపోయింది. ఆమె తెలుగుని విదేశంలో పుస్తకాలు చదివి నేర్చుకుంది.

"మీ ప్రయాణము సుఖముగా సాగినదా? వస్తువు క్షేమమే కదా?"

"క్షేమం."

సోఫాలో కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక పెన్ను తీసి మళ్ళీ చూసుకోవాల్సింది. చూడలేదు. అత్తరు వాసనకి అనుమానం కూడా ఒక్కోసారి కునుకు తీస్తుంది.

ఫోన్ మోగింది. పెద్దాయన. "లాబీకి వచ్చేస్తున్నాను. చిప్ ఎక్కడ పెట్టావ్?"

"కప్పలో పెట్టాను సార్."

"భేష్! పెట్టె అక్కడే ఉంచి కిందికి రా. కారు వచ్చాక దింపుదాం."

అనుమానం టీవీ పెట్టి, 'డిస్టర్బ్ చెయ్యొద్దు' బోర్డు తగిలించి కిందికి దిగాడు. పెద్దాయన ఇంకా రాలేదు. వేళ్ళు ఊరుకోక జేబులోని పెన్ను తీశాడు.

ఎర్రదీపం వెలుగుతోంది.

సింగారి కూర్చుని వెళ్ళిన సోఫా గుర్తొచ్చింది. చిప్ ఎక్కడుందో తన నోటితో తనే చెప్పేశాడు! తమ్ముడి మొహం కళ్ళముందు కదిలింది. మెట్లన్నీ పరుగున ఎక్కాడు.

తలుపు తెరిచి ఉంది. సూట్‌కేసుని బ్లేడుతో అడ్డంగా కోసేశారు. బట్టలు చెల్లాచెదురు. జిప్పులకి వేసిన తాళం జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

పోయింది ఒక్కటే. పచ్చ కప్ప.

అనుమానం తాళాన్ని గుప్పిట్లో పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. ముందు కళ్ళు చెమర్చాయి, తర్వాత నవ్వు ఆగలేదు. తెలుగింట్లో పెరిగిన మనిషెవరూ ఇలాంటి దొంగతనం చెయ్యరు. తాళం ఊడదీసి జేబులో వేసుకుని కిందికి పరుగెత్తాడు.

లాబీ సోఫాలో పెద్దాయన. పక్కనే సింగారి, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు.

"ఆ కంఠము ఎవరిదో తెలిసిన, అతనికి రక్షణ ఏర్పాటు చేయగలను," అంటోంది.

"నీకు చెప్పకపోతే ఎలా?" పెద్దాయన గొంతు తగ్గించాడు. "అతను ఎవరో కాదు, మన..."

అనుమానం వచ్చి ఆమె పక్కన ధబీమని కూర్చుని, హ్యాండ్‌బ్యాగు మీద మోచెయ్యి ఆనించాడు.

బెక్!

పెద్దాయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. సింగారి చెయ్యి బ్యాగులోకి దూరింది. అనుమానం ఆ మణికట్టు ఒడిసిపట్టాడు. బ్యాగు తిరగేస్తే పిస్టలు, బ్లేడు, గదులన్నీ తెరిచే దొంగ కార్డు, పొట్ట చీల్చడానికి ఇంకా తీరిక చిక్కని పచ్చ కప్ప బయటపడ్డాయి. ఏసీ మెకానిక్ పార్కింగ్‌లో ఆమె కారు స్టార్ట్ చేసి పెట్టుకుని మరీ దొరికాడు.

"కప్పలో పెట్టితినని మీరే అంటిరి!" సింగారి గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ.

"పెట్టాను. తాళం కప్పలో." అనుమానం జేబులోంచి తాళం తీసి, దాని అడుగు మూత తిప్పి చిప్ చూపించాడు. "నిఘంటువులో ఆ అర్థం కూడా ఉంటుంది. రెండో ముక్క దాకా చదవాల్సింది."

సాయంత్రం కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, నా కప్ప ఏం చేస్తోంది?"

"సాక్ష్యం చెప్పిందమ్మా. కేసు తేలేదాకా ఇంటికి పంపరట."