వద్దన్నా వడ్డించమనే హెల్మెట్

అది 2074. హాకీ బంతి తన వేగం తానే చెప్పుకునేది, టర్ఫ్ తన మీద నీళ్లు తానే చల్లుకునేది. అంపైర్లు మైదానం పైన ఎగిరే డబ్బాల్లో కూర్చునేవారు కనుక, వాళ్లని తిట్టుకోవాలంటే తలెత్తి తిట్టుకోవాల్సి వచ్చేది. ఇన్ని మారినా గోల్ ముందు మాత్రం ఇంకా మనిషినే నిలబెట్టేవారు. దెబ్బలు తినే పని యంత్రాలకు అప్పజెప్పేటంత దయ సైన్సుకు అప్పటికింకా కలగలేదు.

భారత మహిళల జట్టు గోల్‌కీపర్ దువ్వారపు ఇందుమతిది విజయనగరం. పదహారేళ్లుగా ఆ గోల్ ఆమెదే. షూటవుట్ అంటే మాత్రం ఆమెకు ఈమధ్య గుండె దడ. ఎదుటి ఫార్వర్డ్ ఒంటరిగా బంతి నడుపుకుంటూ వచ్చి, కుడికి పోతున్నట్టు భుజం వంచి, ఎడమకి పోతుంది. ముప్పై తొమ్మిదేళ్ల మోకాళ్లు ఆ భుజాన్ని నమ్మి ఒకసారి వంగాయంటే మళ్లీ లేవడానికి మొరాయిస్తాయి.

ఆ మోకాళ్లను ఆదుకోవడానికి వచ్చినవాడు డాక్టర్ సోమయాజులు, కోనసీమ మనిషి. ఆయన తయారుచేసిన హెల్మెట్‌లోని సెన్సర్లు ఎదుటి మనిషి కండరాల బిగువు, కంటిపాప కదలిక, ఊపిరి చూసి, పైకి చూపించేదేమిటో లోపల కోరేదేమిటో విడదీసి, తొడుక్కున్నవాళ్ల చెవిలో చెబుతాయి. కాగితాల మీద దాని పేరు ఇంటెంట్ స్కానర్. ఆయన మాత్రం ముద్దుగా ‘ఆంతర్యదర్శిని’ అనేవాడు.

మొదటి రోజు ఇందుమతి దాన్ని తొడుక్కుని, తనకు సన్మానాలవీ వద్దంటున్న కోచ్‌తో మాట్లాడుతుంటే చెవిలో “వడ్డించండి” అని వినిపించింది.

“ఇదేటండీ, అన్నం పెట్టమంటంది?” అంది సోమయాజులుతో.

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. “దానికి చదువు చెప్పింది పెళ్లి పంక్తుల్లోనండి. అనేదొకటీ కోరేదొకటీ అయిన మనుషులు ఒక్కచోట అంతమంది ఇంకెక్కడ దొరుకుతారు చెప్పండి? వద్దు వద్దంటూనే విస్తరి ముందుకు జరిపేవాళ్లని వేసవంతా చూపించానండి. బంతి కనబడితే కుడి, ఎడమ అంటుంది. బంతి లేకపోతే పాత పాఠం అప్పజెబుతుంది.”

“మరి నిజంగా వద్దన్నోళ్లని చూస్తే?”

“ఊరుకుంటుందండి. అలాంటివాళ్లు తక్కువే దొరికారు.”

ఆ ఏడు ప్రపంచకప్ ఫైనల్ షూటవుట్‌లో ఇందుమతిని దాటి ఒక్క బంతీ పోలేదు.

వచ్చే ప్రపంచకప్‌కి హెల్మెట్ ఎవరి తలకు పెట్టాలో తేల్చడానికి సెలక్షన్ కమిటీ కూర్చుంది. రెండో గోల్‌కీపర్ రిషికని కూడా పిలిచారు. పాడేరు పిల్ల, తొమ్మిదేళ్లుగా బెంచీ మీదే ఉంది. ఇందుమతికి ఆ చోటు మళ్లీ కావాలి. పొద్దున్నే ప్యాడ్లు కట్టుకోకపోతే తనకు చేతులెందుకో ఆమెకే తెలియదు. అలాగని నోరు తెరిచి అడిగితే బాగుండదు. వద్దంటే కమిటీ వాళ్లే బతిమాలతారని ఆమె లెక్క.

కమిటీ కూడా వినాలని సోమయాజులు హెల్మెట్‌కి స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు. అది మాట్లాడేవాళ్ల వైపు తనంతట తానే తిరిగేది.

“నాకు చాలండి. మోకాళ్లు అరిగిపోనాయి. ఇంక చిన్నోళ్లకి ఇవ్వండి,” అంది ఇందుమతి, తల వంచుకుని.

“వడ్డించండి,” అంది హెల్మెట్.

గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఇందుమతి పరువు పోకుండా రిషిక గబగబా అందుకుంది. “అక్కే ఆడాలండి. నాకేం తొందర? నాకు బెంచీ అలవాటైపోయింది.”

హెల్మెట్ ఆమెవైపు తిరిగింది. “వడ్డించండి, వడ్డించండి.”

“రెండుసార్లు అందంటే బాగా ఆకలి మీద ఉన్నట్టండి,” అని సోమయాజులు మెల్లగా వివరించాడు.

“మాకు మాత్రం ఎవరైనా ఒకటే, మా కమిటీకి...” అని మొదలుపెట్టిన ఛైర్మన్, హెల్మెట్ తనవైపు తిరగడం చూసి మిగతా మాట మింగేసి, తనే లేచి స్పీకర్ కట్టేశాడు.

ఇందుమతి రిషికని చూస్తూ ఉండిపోయింది. ఈ పిల్ల తొమ్మిదేళ్లుగా తన ప్యాడ్లు ఆరబెట్టింది, మోకాళ్లకు ఐసు పెట్టింది, ఎవరడిగినా అక్క ఉందిగా అని నవ్వింది. ఆ నవ్వుని తను నిజమని నమ్మేసింది. ఎంతోమంది ఫార్వర్డ్‌ల భుజాలు చదివి, పక్కనున్న పిల్ల మొహం చదవనందుకు ఆమెకు నిజంగా సిగ్గేసింది.

లేచి హెల్మెట్ తీసుకుని రిషిక దగ్గరకు వెళ్లింది.

“వద్దక్కా, నాకొద్దు...”

ఈసారి యంత్రాన్ని అడగడానికి ఇందుమతి ఆగలేదు. ఆ పిల్ల వద్దంటుండగానే తలకు తొడిగేసి, గడ్డం కింద పట్టీ బిగించింది.

“నాకేటీ బాధ లేదే. నిజంగానే లేదు,” అంది.

లోపల చెవిలో ఏం వినబడిందో, రిషిక చెవి దగ్గర హెల్మెట్‌ని అరచేత్తో మూసింది. తర్వాత ఏమీ విననట్టే, “తెలుసక్కా,” అంది.