కపాలంలో కడిగిన ఫోటో

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు...!

భూతప్రేతాలు అర్ధరాత్రే తిరుగుతాయని చెప్పిన మహానుభావుడెవడో గానీ, వైశాఖమాసపు తిరుపతి ఎండను చూసినవాడు మాత్రం కాదు. ఆ ఎండకు వీధికుక్క కూడా నీడ దాటి అడుగు పెట్టదు. అలాంటి నిర్జనవేళ... వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభై రెండు, ఒక శుక్రవారం... మబ్బుతునక లేని ఆకాశం ఫెళఫెళమని ఉరిమింది! కపిలతీర్థం దారిలోని ఒక పాత బంగళా మీద వాలి పట్టపగలే గుడ్లగూబ కూసింది...!

ఆ బంగళాలో, కిటికీలకు నల్లగుడ్డలు బిగించిన గదిలో ఒక్కటే ఎర్రబల్బు. ఆ రుధిరకాంతిలో బల్ల మీద మెరుస్తున్నది... ఒక మానవ కపాలం! పుర్రె పైభాగాన్ని కోసి వెల్లకిలా పెట్టిన గిన్నె అది. దాని నిండా ఫోటోలు కడిగే మందునీళ్లు. ఆ గిన్నె ముందు పద్మాసనం వేసుకుని, పెదవులు కదుపుతూ, ఏ శాస్త్రమూ ఒప్పుకోని బీజాక్షరాలను వల్లిస్తున్నవాడే మునీష్.

మునీష్ అంటే అదేదో పెద్దింటి పేరనుకునేరు! తిరుచానూరులో పుట్టినప్పుడు వాడు మునిరామయ్య. పదిహేనేళ్ల కిందట ఊరొదిలి బొంబాయి చేరి, సగం పేరును రైల్లోనే పారేశాడు. ఫ్యాషన్ ఫోటోలు తీసేవాడు. కాలుతున్న చితి పక్కన కన్నెపిల్లను పట్టుచీరలో నిలబెట్టాడు. పాడె మీద పడుకోబెట్టి నగల ప్రకటన తీశాడు. జనం ఛీ అన్నారు, ఛీ అంటూనే పత్రికలు ఎగబడి కొన్నారు. సిగ్గులేనివాడికి 'నవ్విపోదురు గాక, నాకేమి' అన్న మాటే కిరీటం. ఆ కిరీటం పెట్టుకుని దేశమంతా ఊరేగాడు వెధవ!

ఇప్పుడు వీడి ఘనజీవితం మీద డాక్యుమెంటరీ తీస్తున్నారు. ఎవరో లండన్ టీవీవాళ్ల కోసం. తీసేవాడు మద్రాసు సౌందరరాజన్. వాడూ తక్కువ తిన్నవాడు కాదు, ఎదుటివాడి కన్నీళ్లను లెన్సులోంచి తప్ప చూసి ఎరగడు.

పూజ ముగించి వరండాలోకి వచ్చిన మునీష్, కెమెరా ముందు కాలు మీద కాలేసుకున్నాడు.

"భయపెట్టని బొమ్మ బొమ్మే కాదు సౌందర్! నా ముందు ఆడది నవ్వకూడదు, ఆగిపోవాల. నేను 'కదలొద్దు' అంటే కదలదు. అదే నా కళ" అన్నాడు.

"బ్రహ్మాండం సార్" అన్నాడు సౌందరరాజన్.

కళ అట, కళ! వాడు కెమెరాకు చెప్పని సంగతి వేరే ఉంది... 'కదలొద్దు' అన్న ఆ మాట స్తంభన మంత్రం! ఆ మాటతో పట్టిన నీడ నెగటివులో చిక్కుకుపోతుంది. దాన్ని కపాలంలో కడిగిన ప్రతిసారీ ఆ పిల్ల ఆయువులో ఒక పాలు వీడి ఒంట్లోకి చేరుతుంది. పదమూడో ప్రతితో సరి... ప్రాణం సమాప్తం! అందుకే యాభై దాటినా వాడి ముఖం మీద ముడత లేదు. ఇప్పటికి ఆరుగురు ఆడపిల్లలు అంతుచిక్కని జబ్బుతో పోయారు. ఏడో పిల్ల పద్మాక్షి.

పద్మాక్షి తిరుచానూరులో గుడికి పూలమాలలు కట్టే గోదాదేవి ఒక్కగానొక్క కూతురు. తండ్రి లేడు. డిగ్రీ చదువుతోంది. నాలుగు నెలల కిందట ఈ మహానుభావుడు బొంబాయి నుంచి తిరిగొచ్చి, వాళ్ల ఇంటికి వెళ్లి, పట్టుచీరల క్యాలెండరుకు ఒక్క ఫోటో అన్నాడు. మన వీధి రుక్మిణమ్మ కొడుకే కదా అని తల్లి సరేనంది.

ఆనాటి నుంచి మొదలైంది...! రోజూ మిట్టమధ్యాహ్నం పద్మాక్షి మెడ ఒక పక్కకు తిప్పి, చెయ్యి నడుము మీద పెట్టుకుని, గోడ వైపు చూస్తూ ఆగిపోయేది. రెప్ప పడదు. ఈగ కంటి మీద వాలినా కదలదు. మొదట గంటసేపు, తర్వాత పూట, తర్వాత రోజంతా. ఆపైన... నిగనిగలాడే నల్లని కురులు వేళ్ల నుంచి తెల్లబడసాగాయి! పలువరస నల్లబడింది! కళ్లలో తెలుపంతా కాటుకైపోయింది! అచ్చం నెగటివులో బొమ్మ! చూడవచ్చిన వైద్యుడు కళ్లు చూసి, సంచీ అక్కడే వదిలి పరుగెత్తాడు.

ఆ శుక్రవారం కెమెరా తిరుగుతుండగానే గోదాదేవి వచ్చి మునీష్ కాళ్ల మీద పడింది.

"నాయనా మునిరామయ్యా! నువ్వు ఆ ఫోటో తీసినప్పటి నుంచే బిడ్డకు ఈ గతి పట్టింది. ఏం చేసినావో నాకు తెలవదు. నా బిడ్డను ఇడిసిపెట్టు!"

"మునిరామయ్య ఎవరే?" అని గద్దించాడు వాడు. పక్కవాళ్లకు వినిపించకుండా వంగి, పళ్లు కొరుకుతూ అన్నాడు. "పన్నెండు కడిగినా. రేపు మధ్యాహ్నం పదమూడోది. నీ కూతురికి ఇంక ముసలితనమే రాదు, సంతోషించు!"

"నీ నోట్లో మన్ను బడ! నువ్వు మనిషివేనా?" అని గుండెలు బాదుకుంది ఆమె.

సౌందరరాజన్ ముందుకు వంగి, "ఇంకొకసారి ఏడవండమ్మా... ముఖం ఇటు తిప్పి. వెలుతురు చాల్లేదు" అన్నాడు!

ఏమనాలి ఇలాంటివాణ్ణి? థూ!

తెల్లవారింది. శనివారం. లండన్ దొర మద్రాసులో విమానం దిగి కారులో వస్తున్నాడని కబురొచ్చింది. దొర చేతికి కొత్త ఫోటో ఇస్తూ డాక్యుమెంటరీ ముగించాలని మునీష్ తాపత్రయం. పన్నెండు కొట్టడానికి పావుగంట ముందే వీధి వైపు తలుపున్న ఆ చీకటిగదిలో దూరి లోపల గడియ పెట్టుకున్నాడు. ఎందుకంటే ఆ విద్యకు ఒక కట్టడి ఉంది. కాగితం కపాలంలో ఉండగా పగటి వెలుతురు దాని మీద పడితే... పట్టిన నీడ విడిపోతుంది, పట్టినవాడినే ఆ మంత్రం పట్టుకుంటుంది!

గోదాదేవి కూతుర్ని జట్కాబండిలో తెచ్చి బంగళా ముందు దించింది. కొయ్యబొమ్మలా బిగుసుకున్న పిల్లను ఆ గది గుమ్మం ముందు నిలబెట్టి తలుపు బాదింది.

"తెరువు రా! తెరువు! బిడ్డ మొహం ఒక్కసారి చూసి సంపురా!"

లోపలి నుంచి వికటాట్టహాసం వినిపించింది. ఎర్రకాంతిలో తెల్లకాగితం కపాలంలో మునిగింది... మెల్లగా ఒక చెవి తేలింది... ఒక ముక్కుపుడక తేలింది... బయట పద్మాక్షి ఊపిరి సన్నగిల్లింది. పెదవులు సున్నంలా పాలిపోయాయి. తల్లి కెవ్వున అరిచింది!

అప్పుడే వీధి మొగలో డప్పులు మోగాయి.

"దొర వచ్చినాడు! దొర వచ్చినాడమ్మో! ఎదురు రండి!"

గంగజాతర వారంలో, శనివారం పూట, ఆ కేక వింటే తిరుపతిలో పాలు తాగే బిడ్డకు కూడా సంగతి అర్థమవుతుంది. ఆడపిల్లల్ని చెరిచిన పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కున్నాడు. అమ్మ రోజుకో వేషం కట్టి వీధివీధీ వెతికింది. చివరికి దొర వేషం కట్టింది. ఎవరో దొర వచ్చాడట, దండం పెట్టి ప్రాపకం సంపాదిద్దామని పాలెగాడు బయటికొచ్చాడు. వాడి తల తెగింది! అందుకే జాతరలో ఆ రోజు దొర వేషం ఇంటింటికీ వస్తుంది. ఆ వీధిలో ఆ వేషం కట్టేది వెంకటరమణ. ఒళ్లంతా గంధం, మెడలో నిమ్మకాయల దండ, చేతిలో కత్తి.

గోదాదేవి పరుగున వెళ్లి ఆ కాళ్లను చుట్టేసుకుంది. "తల్లీ! గోవిందుడి చెల్లెలివి! నా బిడ్డ నీడను లోపల బంధించినాడమ్మా వాడు!"

వెంకటరమణ కళ్లు ఎర్రబడ్డాయి. ఒళ్లు ఊగింది. గుంపంతా ఆ గది తలుపు ముందుకొచ్చి గొంతెత్తింది. "దొర వచ్చినాడు! తలుపు తియ్యండప్పా!"

లోపల మునీష్ చెవులు రిక్కించాడు. దొర! అప్పుడే వచ్చాడా? స్వాగతానికి డప్పులు కూడా పెట్టించాడే సౌందరరాజన్! దొరను ఎండలో నిలబెడితే ఇంకేమైనా ఉందా? వెనక్కి తిరిగి కపాలం వైపు చూశాడు. కన్ను ఇంకా తేలలేదు. 'అర నిమిషంలో ఏం మునుగుతుందిలే' అనుకున్నాడు. ఊరిని పల్లెటూరి చెత్త అని పదిహేనేళ్లు ఈసడించినవాడికి ఊరి జాతర ఏం గుర్తుంటుంది? జుట్టు దువ్వుకుని, పళ్లికిలించి, రెండు చేతులూ జోడించి... గడియ తీశాడు!

"వెల్కమ్, దొరగారూ...!"

గంధపు ముఖం! నిప్పులు కురిసే కళ్లు! ఆ కంఠం వెంకటరమణది కాదు. అది ఏ మగవాడి కంఠమూ కాదు...!

"వచ్చినావా రా, మునిరామయ్యా! నా బిడ్డ నీడ యాడ పెట్టినావురా?"

"కద... కదలొద్దు!" అని గావుకేక పెట్టాడు వాడు.

దొర ఒక అడుగు ముందుకేసింది. నవ్వింది!

వైశాఖపు మధ్యాహ్నం వాడి భుజం మీదుగా గదిలోకి విరుచుకుపడింది. ఫెటిల్లున కపాలం రెండు చెక్కలైంది! కాగితం మీద సగం తేలిన ముఖం చెదిరిపోయి, ఆ చోట వికృతంగా నోరు తెరిచిన మునీష్ ముఖం తేలింది. బొమ్మను చెరగకుండా నిలిపే హైపో మందులో పడని కాగితం వెలుతురుకు ఏమవుతుందో ఫోటోలు కడిగే ప్రతివాడికీ తెలుసు... అంచుల నుంచి నల్లబడింది. దానితోపాటే వాడూ! గోళ్లు... చేతులు... మెడ... ఆరుగురు ఆడపిల్లల ఏడుపులు ఒక్కసారిగా గదంతా ప్రతిధ్వనించాయి. అరవబోయిన నోరు అరుపుకు ముందే మసైంది. నేల మీద బూడిద కుప్ప ఒకటి మిగిలింది. దాన్ని దొర కాలితో పక్కకు నెట్టింది. వీధి అవతల ఆగిన కారులోంచి అసలు లండన్ దొర తొంగిచూసి, కారు వెనక్కి తిప్పించేశాడు!

గుమ్మం ముందు పద్మాక్షి రెప్ప వాల్చింది. కళ్లలో తెలుపు, కురుల్లో నలుపు తిరిగొచ్చాయి. నడుము మీది చెయ్యి జారి పక్కకు వాలింది. తల్లి మెడను వాటేసుకుని భోరుమంది. గోదాదేవికి ఏడుపూ నవ్వూ ఒకటే అయ్యాయి.

ఇంత జరిగినా సౌందరరాజన్‌కు బుద్ధి రాలేదు. వరండాలో నిలబెట్టిన కెమెరాను పద్మాక్షి వైపు తిప్పి, "అమ్మా, మునీష్ గారి గురించి ఒక్క మాట... కొంచెం అలాగే ఉండండి" అన్నాడు.

పద్మాక్షి లెన్సును అరచేత్తో మూసింది.

"ఆపప్పా" అంది. తర్వాత తల్లి వైపు తిరిగి, "జట్కా వద్దమ్మా. కాళ్లు తిమ్మిరెక్కి ఉండాయి, నడిచి పోదాం" అంది.

ఆ ఎండలో, చెప్పులు కూడా లేకుండా, తిరుచానూరు దాకా ఎక్కడా ఆగకుండా నడిచింది.