ముక్కెర 3.4.9

గిన్నెలో కుళ్ళిన చేపల పులుసు. పైన తెల్లటి నురగ తేలుతోంది, అంచున పురుగులు మెసలుతున్నాయి. ప్రణవి గిన్నె మీదికి వంగి గట్టిగా పీల్చింది. చింతపండు వాసన వచ్చింది, మెంతుల వాసన వచ్చింది, కొత్తిమీర కూడా తెలిసింది. కుళ్ళు మాత్రం తెలియలేదు. లాప్‌టాప్‌లో మీట నొక్కి, తన ముక్కులోని యంత్రానికి పాత వెర్షన్ ఎక్కించి, మళ్ళీ పీల్చింది. మరుక్షణం వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తింది.

ఆ యంత్రం పేరు ముక్కెర. బియ్యపు గింజంత ఉంటుంది. ఆరేళ్ళ కిందట వచ్చిన జ్వరంలో వాసన పోగొట్టుకున్నవాళ్ళ కోసం ప్రొఫెసర్ కరుణాకర్ తయారుచేశాడు. గాలిలోని రసాయనాలను గుర్తుపట్టి ఆ కబురు మెదడుకు చేరవేస్తుంది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. కోడ్ ఎవరైనా చదవచ్చు, దిద్ది పంపవచ్చు. చేర్చుకోవాలో వద్దో తేల్చేది మెయింటెయినర్. కొత్త ముక్కెరలకు నాలుగో వెర్షన్ వచ్చినా, నాలుగు లక్షల పాత ముక్కెరలు ఇంకా 3.4 మీదే నడుస్తున్నాయి. వాటికి మెయింటెయినెన్స్ రిలీజులు చూసే పని ఇరవై రెండేళ్ళ ప్రణవిది. అడిగి మరీ తీసుకుంది. ఆ రిలీజులకు ఒకటే కట్టుబాటు: బగ్, అంటే కోడ్‌లో తప్పు, ఉంటే సరిచెయ్యాలి, వాడేవాళ్ళకు అలవాటైన తీరు మార్చకూడదు.

పులుసు వండింది నర్సవ్వ. కొత్తకుంట కాలనీ నుంచి ల్యాబుకు రోజూ భోజనం తెచ్చే మనిషి. చేపల పులుసు మర్నాటికి రుచి ఊరుతుందని నిలవ ఉంచడం ఆమె అలవాటు. ఎన్నాళ్ళు ఉంచవచ్చో ముక్కెర పెట్టుకున్న ఆమె ముక్కే చెప్పేది. ఈసారి చెప్పలేదు. అది తిన్న మనవడు మూడు రోజులుగా ఆస్పత్రిలో ఉన్నాడు. మిగిలిన గిన్నెను ప్రణవి ల్యాబుకు తెచ్చింది.

రెండు నెలల కిందట తాను వదిలిన 3.4.9 తిరగేసింది. అందులో ప్యాచ్ అనే ఏడు లైన్ల దిద్దుబాటు ఒకటి, కుళ్ళినప్పుడు పుట్టే రెండు రసాయనాల విలువను సున్నా చేస్తోంది. పైన "బగ్ ఫిక్స్: అతి ఘాటు వల్ల సెన్సర్ తప్పుడు లెక్క" అని ఉంది. పంపింది కొత్తకుంట డంప్‌యార్డు కాంట్రాక్టరు దగ్గరి ఇంజనీరు. టెస్టులన్నీ పాసయ్యాయని, లైన్లు చదవకుండా చేర్చుకున్నది తనే.

"లెక్కలు చూడండి సార్," అంది ప్రొఫెసర్‌తో. "ఆ కాలనీలో ముక్కెరలు పదకొండు వేల ఆరువందలు. మన రిలీజుకు ముందు చెత్త మీద నెలకు రెండువందల పద్నాలుగు ఫిర్యాదులు. ఇప్పుడు మూడు. చెత్త లారీలు రోజుకు నలభై వచ్చేవి, నూటముప్ఫై అయ్యాయి. తిండి వికటించి ఆస్పత్రికెళ్ళినవాళ్ళు ముప్ఫై ఏడుగురు. డంప్‌యార్డు వాళ్ళు చెత్త ఎత్తలేదు సార్, మన చేత ముక్కులు మూయించారు."

"ఆ ప్యాచ్ తీసేస్తావా?"

"తీసేస్తాను."

"రెండు నెలలుగా వాళ్ళకు కంపు లేదు. అలవాటైన తీరు మార్చకూడదని రాసుకున్నది మనమే కదమ్మా."

"విషం అలవాటైతే అన్నమైపోతుందా?"

ప్రొఫెసర్ లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. "సరే, కొత్త రిలీజు వదులు. ఏం మార్చావో నువ్వే వెళ్ళి వాళ్ళకు చెప్పు."

ఈసారి ప్రతి లైనూ తానే చదివి, నాలుగో రోజు ఆ ప్యాచ్ లేని 3.4.10 వదిలి, కొత్తకుంటకు వెళ్ళింది. నాలుగంతస్తుల ఎత్తు చెత్తగుట్ట కింద, మనుషులు కొంగులూ తువ్వాళ్ళూ ముక్కుకు అడ్డం పెట్టుకుని వీధిలో నిలబడి ఉన్నారు. కొందరు మురుగు మోరీల దగ్గర కక్కుతున్నారు. జనం డంప్‌యార్డు గేటు మీదికి పోతారని ప్రణవి లెక్క వేసుకుంది. కానీ వాళ్ళు ఆమె చుట్టూ మూగారు.

"మనవడెట్లున్నాడు అవ్వా?" అంది నర్సవ్వను చూసి.

"నిన్న ఇంటికొచ్చిండు. నీ పున్యాన మళ్ల కక్కుతుండు."

"గేటు అటుంది. అందరం కలిసి పోదాం. రోజుకు నూటముప్ఫై లారీలు..."

"పదేండ్లు దరఖాస్తులు పెట్టినం బిడ్డా. ఎవ్వడన్న వచ్చిండా? కంపు రానిదే మళ్ల ఎక్కియ్యి."

"ఎక్కిస్తే కూర చెడినా తెలీదు. ఈ గుట్ట కంపూ, కుళ్ళిన కూర కంపూ ఒకే రసాయనాలు. ఒకటి ఉంచి ఒకటి తీయలేను."

"అయితె రెండూ వద్దు. ఇంక పులుసు నిలవుంచ. ఏ పూటకా పూట వండుత, మిగిలితె పారబోస్త."

"ఎక్కడ?"

నర్సవ్వ గుట్ట వైపు గడ్డం ఎత్తి చూపించింది.

ఓపెన్ సోర్స్ కదా, ప్రణవి కాదన్నంత మాత్రాన ఆగదు. కాలనీలో మొబైల్ షాపు అతను 3.4.9 కోడ్ తీసుకుని, కొత్తకుంట పేరుతోనే సొంత వెర్షన్ పెట్టాడు. మూడు రోజుల్లో తొమ్మిది వేల ఎనిమిది వందల ముక్కులు అందులోకి మారాయి. నాలుగో రోజు ప్రణవికి ఒక బగ్ రిపోర్టు వచ్చింది: "ఉత్తరపు గాలి వీచినప్పుడు మా వెర్షన్‌లో కొంచెం కంపు తెలుస్తోంది. మాకు కోడ్ రాదు. దయచేసి మీరు సరిచేసి పంపగలరు." కింద నాలుగు వేల పైచిలుకు పేర్లు. నర్సవ్వ పేరూ ఉంది.

ప్రణవి రిలీజుల కట్టుబాటు తెరిచి పక్కన పెట్టుకుంది. తిరస్కరించడానికి సాకు వెతుకుతూ రిపోర్టు మూడుసార్లు చదివింది. వాడేవాళ్ళకు అలవాటైన తీరేమీ మారదు. సున్నా కావలసిన విలువ సున్నా కావడం లేదు, అంతే. ఇది నిఖార్సైన బగ్.