చివరి చుక్క తరువాత

“మనవారే, లోపలికి రండి” అని తలుపు మీది యంత్రం, వాకిలికన్ను, అప్పటికి నూట పన్నెండోసారి అంది. వ్రతం పీటల మీద నుంచి అప్పుడే లేచిన సుభద్ర గుమ్మంలోకి వచ్చి చూసింది. వరస వీధి మలుపు దాటి ఉంది. అందులో ఒక్క ముఖమూ ఆమెకు తెలియదు.

“ఏమే హంసినీ, మన వీధిలో నలభై ఇళ్ళకే కదా పిలుపు పంపమన్నాను?”

కూతురు చేతిలోని తెరపలక తెరిచి చూసి నాలుక కరుచుకుంది.

నీలాయపాలెంలో ప్రతి ఇంటికీ కంప్యూటర్ల వలలో ఒక చిరునామా ఉంది. ముందు ఇంటి పేరు, దాని వెనుక తోక. పిలిచే ఇంటి తోకతో తోక కలిసినవారికే పిలుపు అందుతుంది, వాకిలి తెరుచుకుంటుంది. కలవని మనిషి వస్తే వాకిలికన్ను మర్యాదగా నమస్కారం చెప్పి, తలుపు మూసే ఉంచుతుంది. కొన్ని ఊళ్ళ తోక ఒక్క ముక్కే. ఈ ఊరి తోక రెండు ముక్కలు: వీధి, చుక్క, ఊరు. ఏ ఊరికి ఎన్ని ముక్కలో చెప్పే పట్టిక ఒకటుంది. ఇవాళ్టి పిలుపుకు హంసిని దాన్ని చూడకుండా, చివరి చుక్క తరువాత ఉన్నదే తోక అని కోడ్ రాసేసింది. పిలుపు ఊరంతటికీ వెళ్ళింది, వాకిలీ ఊరంతటికీ తెరుచుకుంది.

“ఊరితో ఆగింది, నయం” అన్నాడు తండ్రి సూర్యప్రకాశం. “ఇంకో చుక్క ఉంటే జిల్లా అంతా దిగేది.”

“మీకు నవ్వులాటగా ఉందా? రవ్వ కేజీంబావే!”

నైవేద్యం అయ్యాక మళ్ళీ వండి కలపకూడదు. ప్రసాదానికి పిలుపు వస్తే కాదనకూడదని జనం పనులు మానుకుని వచ్చారు. పైగా, కిందటేడు హంసిని జ్వరంతో మంచం పట్టినప్పుడు సుభద్ర మొక్కుకుంది: పిలిచిన ప్రతివారికీ ప్రసాదం తన చేత్తో పెట్టి, ఆఖరున తానూ తింటానని.

ఆమె గరిటె పక్కన పెట్టి, వేళ్ళతో చిటికెడు చిటికెడు పెట్టసాగింది.

“ఇంత చిన్నదా అనుకోకండమ్మా.”

“స్వామి ప్రసాదానికి తూకమేంటండీ!” అన్నాడొకాయన కళ్ళకద్దుకుంటూ. “అయినా మీ వీధి లోపల ఇట్టా ఉంటదని ఇవాళే చూశా.”

మూడు గంటలకు వరస తరిగింది. చివరగా ఒక నడివయసు ఆవిడ చేయి చాచింది. సుభద్ర గిన్నె అడుగు తుడిచి, ఉన్నదంతా ఆమెకు పెట్టేసింది. తరువాత ఖాళీ గిన్నె చూసి అలాగే నిలబడిపోయింది.

“మీరు తిన్నారా?” అంది ఆవిడ.

“లేదమ్మా. తింటానని మొక్కు.”

ఆవిడ అరచేతిలోది సగం చేసి సుభద్ర చేతిలో పెట్టింది. “నా పేరు మంగతాయి. మగ్గాల వీధి. పన్నెండేళ్ళుగా రోజూ మీ గుమ్మం ముందు నుంచే పోతన్నా. ఎండలో ఓసారి నీళ్ళడుగుదామనుకున్నా. ఈ తలుపు తెరుచుకోలా.”

సుభద్ర ప్రసాదం కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. ఆ పన్నెండేళ్ళూ వాకిలికన్ను తనను కాపాడుతోందనే అనుకుంది. ఎవరి నుంచి అని తనను తాను ఒక్కసారీ అడగలేదు.

సాయంత్రం హంసిని పట్టిక దగ్గర పెట్టుకుని కోడ్ సరిచేసింది. “అయిపోయిందమ్మా. వచ్చే పున్నమికి మన వీధికే వెళ్తుంది.”

“మంచిది తల్లీ” అంటూ సుభద్ర పాత ఇనప్పెట్టెలోంచి అత్తగారి కుంకుమ భరిణ తీసి, కొంగుతో తుడిచింది.

“అదెందుకే ఇప్పుడు?” అన్నాడు సూర్యప్రకాశం.

“బొట్టు పెట్టి పిలవడానికి. మగ్గాల వీధికి ఎటు వెళ్ళాలండీ?”

ఆయన ఆలోచించాడు. ఆయనకూ తెలియదు.