రాళ్ళ మీద ఎలుగుబంటి కథ

పొయ్యి మీద మొక్కజొన్న సంకటి కుతకుతలాడుతోంది. పోలోనా గరిటె తిప్పుతూ కిటికీలోంచి చూసింది. తొమ్మిదేళ్ళ జివా పాలు కూడా తాగకుండానే గడ్డివాము చుట్టూ ఆరో చుట్టు కొడుతోంది. బల్ల మీద దాని నోటుబుక్కు తెరిచే ఉంది. ‘వేసవి’ అన్న శీర్షిక కింద నాలుగు రోజులుగా ఒక్కటే వాక్యం: ‘నాకు వేసవి ఇష్టం.’

బళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్లకి రోజూ పొద్దున్నే కడుపునొప్పే. గంటల తరబడి కదలకుండా కూర్చోవడం దాని వల్ల కాలేదు. చివరికి పోలోనా, ఆమె భర్త గ్రెగోర్ బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టారు. మెట్లెక్కుతూ దిగుతూ ఎక్కాలన్నీ వచ్చేశాయి. రాత దగ్గరే బండి మొరాయించింది. ఏటా జూన్‌లో కింది ఊరి బడికి వెళ్ళి పరీక్ష రాయాలి. ఈసారి సొంతంగా ఓ కథ రాయాలట.

మెట్ల మీద కర్ర చప్పుడైంది. పైవాటాలో ఉండే అత్తగారు ల్యుద్మిలా దిగి వచ్చింది. ఆ కింది ఊరి బళ్ళోనే నలభై ఏళ్ళు స్లోవీన్ భాష చెప్పి రిటైరైన మనిషి. నోటుబుక్కు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

“నాలుగు రోజులకి మూడు మాటలా, పోలోనా?”

“బలవంతపెడితే అసలే రాయదు అత్తయ్యా.”

“బుజ్జగిస్తే మాత్రం ఏం రాసింది? మూడు వారాల్లో పరీక్ష. తెల్ల కాగితం ఇచ్చొచ్చిందంటే మళ్ళీ బడికి పంపక తప్పదు. అందుకే నిన్న హెడ్‌మాస్టరుతో మాట్లాడాను. సెప్టెంబరులో చేర్చుకుంటానన్నాడు.”

గరిటె ఆగిపోయింది. “నన్నొక్క మాట అడక్కుండానా?”

“నువ్వేమో పిల్లనడక్కుండా అడుగు తీసి అడుగెయ్యవు. ఇంట్లో ఒక్కరైనా పెద్దవాళ్ళలా ఉండొద్దూ!”

“ఆయన శనివారం దాకా లారీ మీదుంటారు. ఆయన లేనప్పుడు చూసి చేశారన్నమాట!” పోలోనా పొయ్యి దగ్గర్నించి ఇటు తిరిగింది. “కడుపు పట్టుకుని అది ఎలా ఏడ్చేదో మీరూ చూశారు. అయినా మీకెందుకు గుర్తుంటుంది? మీకు పిల్లలు కనబడరు అత్తయ్యా, తప్పులే కనబడతాయి.”

ఆ మాట నోరు జారాక గానీ దాని పదును పోలోనాకి తెలియలేదు. ల్యుద్మిలా ముఖం పాలిపోయింది. కాఫీ కప్పు అందుకోబోయి, ఊరుకుంది.

“నేను మళ్ళీ బడికెళ్ళాలా?”

గుమ్మంలో జివా. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. ఎవరూ నోరు తెరవకముందే వెనక్కి తిరిగి ఒక్క పరుగు తీసింది.

దాన్ని పిలవబోయిన పోలోనా కళ్ళు తలుపు మీద ఆగాయి. జివా చెయ్యి వేసిన చోట తెల్లగా అయిదు వేళ్ళ గుర్తులు. పిండేమో అనుకుని తుడిచి చూసింది. సుద్ద. సొరుగు లాగి చూస్తే పోయిన నెల కొన్న సుద్దముక్కల డబ్బా ఖాళీ. ఇంట్లో పలక మీద ఒక్క గీత కూడా లేదే, ఇంత సుద్ద ఎక్కడికి పోయినట్టు?

పొయ్యి ఆపి బయటికి నడిచింది. పెరటి రాతిగోడ మూల, మోకాలెత్తు రాయి మీద వంకరటింకర అక్షరాలు కనబడ్డాయి.

‘ఒక ఎలుగుబంటి ఉండేది. చలికాలంలో అందరూ పడుకుంటారు కదా, అప్పుడు బయట ఏం జరుగుతుందో చూడాలని దానికి ఆశ.’

కింద ఒక బాణం గుర్తు. పోలోనా గోడ దూకింది. నీళ్ళ తొట్టి అంచున: ‘ఇక్కడ అది నీళ్ళనడిగింది, నువ్వు పడుకోవా? నీళ్ళన్నాయి, పడుకోను, మంచు దుప్పటి కప్పుకుని మాట్లాడుకుంటూ ఉంటాను.’

పోలోనా నవ్వింది. తర్వాతి బాణం వాలులో పైకి చూపిస్తోంది. రెండడుగులు వేసి ఆగింది. ఇది తనొక్కతే చదవాల్సింది కాదు. పరుగున ఇంటికొచ్చింది.

“అత్తయ్యా, ఒకసారి రండి.”

“నాకు తప్పులే కనబడతాయిగా, నన్నెందుకు పిలవడం?”

“అన్నాను, తప్పే. తర్వాత ఎంతైనా తిట్టండి. ఇప్పుడు మాత్రం రండి.”

ల్యుద్మిలా గొణుక్కుంటూనే వచ్చింది. మొదటి రాయి దగ్గర “ఇక్కడ అక్షరం ఎగిరిపోయింది” అంది. తొట్టి దగ్గర “మళ్ళీ అదే తప్పు” అంది. రేగుచెట్టు మొదట్లో ‘ఇక్కడ ఎండిన పండు కొరికి పన్ను విరగ్గొట్టుకుంది. అయినా వెనక్కి వెళ్ళలేదు’ అని చదివి ఏమీ అనలేదు. కంచె కింద దూరాల్సి వచ్చినప్పుడు కోడలు చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత నొప్పి మోకాలితోనే ముందు తనే నడిచింది. “ఏదీ బాణం? అటా ఇటా?” అంటూ గడ్డి పాయలు తీసి వెతికింది.

వాలు చివర పెద్ద బండ. దాని మీద ఆఖరి మాటలు: ‘మంచులో ఒక ఇంట్లో దీపం వెలుగుతోంది. ఎలుగుబంటి తలుపు తట్టింది. ఒక ముసలావిడ తలుపు తీసి అడిగింది’

అంతే. అక్కడితో ఆగిపోయింది.

ల్యుద్మిలా బండ చుట్టూ తిరిగి వచ్చింది. ఇంకేమీ లేదు. తలెత్తితే బండ మీద మోకాళ్ళు ముడుచుకుని జివా.

“ఏమడిగింది?” అంది ల్యుద్మిలా.

“తప్పులున్నాయా నాన్నమ్మా?”

“ఉంటే ఉన్నాయిలే! ఏమడిగిందే ఆవిడ?”

“ఇంకా తెలీదు. సుద్ద అయిపోయింది.”

ల్యుద్మిలా గడ్డిలోనే చతికిలబడింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి పోలోనా కంగారుగా పక్కన కూర్చుంది.

“నలభై ఏళ్ళు, ఎన్ని వేల కథలు దిద్దానో! ఒక్క పిల్లనీ, ఒక్క పిల్లాణ్ణీ ‘తర్వాతేమైంది’ అని అడగలేదే, పోలోనా. వాళ్ళు చెప్పేవాళ్ళేమో.”

పోలోనా ముసలి చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. జివా బండ మీంచి దూకి, నాన్నమ్మ ఎందుకేడుస్తోందో అర్థం కాక, ఇద్దరి మధ్యలో ఇరుక్కుని కూర్చుంది.

మర్నాడు ల్యుద్మిలా ఎవరూ చెప్పకుండానే కింది ఊరికి వెళ్ళింది. హెడ్‌మాస్టరుతో సెప్టెంబరు మాట వద్దని చెప్పింది. తన మనవరాలు కిటికీ అరుగు దగ్గర నిలబడి రాస్తుందనీ, మధ్యమధ్యలో ఆవరణ చుట్టూ ఓ పరుగు తీసి వస్తుందనీ, కాదంటే గుమ్మంలోనే కూర్చుంటాననీ చెప్పిందట. ఒకప్పుడు ఆవిడ శిష్యుడే ఆయన. నవ్వి సరేనన్నాడు.

పరీక్ష నాడు జివా మూడు పేజీలు నింపింది. పాసైంది. దిద్దిన కాగితం ఇంటికొచ్చాక ల్యుద్మిలా కళ్ళజోడు పెట్టుకుని గుక్క తిప్పుకోకుండా చదివింది. చివరి పేజీ దగ్గర ఆగి, కాగితం కోడలికందించింది. పోలోనా పైకి చదివింది.

‘ముసలావిడ తలుపు తీసి అడిగింది: బయట ఏమేం చూశావ్? కూర్చోనక్కర్లేదులే, నిలబడే చెప్పు.’